అరవై రెండు ఇళ్ళు, ఒక్క తీగ

మొన్న ఒక అమ్మాయి ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు. చంకలో రూళ్ళ పుస్తకం, మొహంలో ఏడుపు. ఎవరో కస్టమరు ఆమెను నిలబెట్టి కడిగేశాడట. కుర్చీలో కూర్చోకముందే అడిగింది. "మేడం, ఒక్క మాట చెప్పండి. మనం రూలు పక్కన ఉండాలా, కస్టమరు పక్కన ఉండాలా?"

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు మూడు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కాఫీ, ఒకసారి ఉప్మా అయ్యాయి. అమ్మాయి వెళ్ళాక మా ఆయన పేపరు దించి, "ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టరాదూ? మళ్ళీ ఎవరైనా వస్తే కాగితం చేతిలో పెట్టి పంపొచ్చు, నా చెవులకి కాస్త విశ్రాంతి" అన్నాడు. ఆయన వెటకారానికే అన్నా నాకు సలహా నచ్చింది.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ టెలిఫోన్ శాఖలో పనిచేశాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు మీద ఎవరు సంతకం పెట్టారో మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అందరికీ తెలుసు. కాబట్టి రాతలో అక్కడక్కడా మంట తగిలితే ఓర్చుకోండి.

మధిరలో ఒక గొడుగు

నా మొదటి పోస్టింగు మధిర. అప్పట్లో ఫోన్ కావాలంటే దేశమంతటికీ మేమే. అర్జీ పెట్టుకుని ఏళ్ళకేళ్ళు ఆగేవారు. మేము కుర్చీలో కూర్చుంటే ఊరు మా ముందు నిలబడేది. ఆ వయసులో ఆ కుర్చీ తలకెక్కకపోతే ఆశ్చర్యపోవాలి. నాకు బాగానే ఎక్కింది.

సుబ్బారావు గారని ఒక పత్తి వ్యాపారి ఉండేవారు. సరిగ్గా పత్తి సీజన్లో ఆయన ఫోను మూగబోయింది. రోజూ పొద్దున్నే గొడుగు వేసుకుని వచ్చేవారు. "అమ్మా, మా ఫోను?" అనడం, నేను "చూస్తాం" అనడం. పదిహేనో రోజున నాకు విసుగొచ్చి, "ఇష్టముంటే ఉంచుకోండి, లేకపోతే తీసేయించుకోండి" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. గొడుగు మడిచి, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు. "తీసేయించుకుని ఎవరి దగ్గరికి పొమ్మంటారమ్మా?"

లోపలి గదిలో మా బాసు రంగారావు గారు విన్నారు. నన్ను పిలిచి తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే లైన్‌మన్‌కి ఒక సైకిలూ నాకొక సైకిలూ ఇచ్చి, ఆ లైను ఎక్కడ చెడిందో నన్నే కనిపెట్టి రమ్మన్నారు. ఎండలో స్తంభం స్తంభం చూసుకుంటూ పోయాం. మధ్యాహ్నానికి రైల్వే గేటు దగ్గర దొరికింది. తీగలు కలిపే డబ్బాలో చీమలు పుట్ట పెట్టుకున్నాయి. శుభ్రం చేసి మళ్ళీ కలపడానికి పది నిమిషాలు పట్టింది.

సాయంత్రం రంగారావు గారు అడిగారు. "పది నిమిషాల పనికి పదిహేను రోజులు ఎందుకు పట్టిందో తెలిసిందా అమ్మాయ్?"

"చీమలు సార్" అన్నాను.

"చీమలు కాదు. ఆయనకి పోవడానికి ఇంకో చోటు లేదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు, లైన్‌మన్‌కి కూడా తెలుసు. అందుకని."

ఆయనంత ముక్కుసూటిగా మాట్లాడే బాసు నాకు మళ్ళీ దొరకలేదు. తర్వాత వచ్చిన వాళ్ళలో చాలామందికి మీటింగుల్లో మాట్లాడటమే పని.

పదకొండు తీగల అపార్ట్‌మెంటు

కాలం మారింది. ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, ఇంటింటికీ ఇంటర్నెట్ వచ్చింది. మా ఆఫీసులో చాలామంది దిగులుపడ్డారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఇక సుబ్బారావు గారి లాంటి వాళ్ళు గొడుగు వేసుకుని రోజూ రానక్కర్లేదు, నచ్చకపోతే పక్క దుకాణానికి పోతారు అనుకున్నాను.

అప్పుడు నేను ఖమ్మంలో ఉన్నాను. ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు ఫిర్యాదు పట్టుకొచ్చారు. వాళ్ళ అసోసియేషన్ ప్రెసిడెంటు ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుని, తీగలు పైకి పోయే గదికి తాళం వేశాడు. వేరే కంపెనీవాళ్ళు వస్తే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తున్నాడు. లోపలున్న కంపెనీ సుఖంగా నిద్రపోతోంది. రూలు ప్రకారం అలా అడ్డుకోవడం కుదరదు. నేను రూలు కాగితం పట్టుకుని వెళ్ళి, ప్రెసిడెంటుతో గంటసేపు వాదించి, తాళం తీయించాను.

ఏడాది తిరిగేసరికి ఆ మేడ మీంచి పదకొండు తీగలు వేలాడుతున్నాయి. హెడ్మాస్టరు గారు కూరగాయల బేరంలా మూడు నెలలకోసారి కంపెనీ మార్చేవారు. ప్రతి ఏజెంటుకీ ఆయన ఇంట్లో టీ. "ఇందులో మా తీగ ఏదో నాకు తెలియట్లేదమ్మా, ఆయనకీ తెలియదు, పైకి చెప్పరు" అని ఆయన భార్య నాతో నవ్వింది. కానీ ఆ అపార్ట్‌మెంటులో నెట్ పోతే గంటలో మనిషి వచ్చేవాడు.

ఆ విజయం నాకు బాగా రుచించింది. ఎవరికి నచ్చింది వాళ్ళని ఎంచుకోనిస్తే చాలు, అన్నీ వాటంతటవే చక్కబడతాయని నమ్మేశాను. ఎవరైనా కాదంటే వాదించేదాన్ని. తర్వాత జరిగినదానికి పునాది అక్కడే పడింది.

బండ మీద కస్టమర్ కేర్

రిటైర్మెంటుకి మూడేళ్ళ ముందు నన్ను భద్రాచలం వైపు వేశారు. పంచాయతీ ఆఫీసుల దాకా ప్రభుత్వ ఫైబరు తీగ వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఊళ్ళలోకి, తండాల్లోకి ప్రైవేటు వాళ్ళ చేత లైను వేయించి, ఇళ్ళకి ఇంటర్నెట్ ఇప్పించాలి. అదీ నా పని.

అడవి అంచున ఒక తండా ఉంది. గుట్టకింది తండా అంటారు. అరవై రెండు లంబాడా ఇళ్ళు. పత్తి, మిరప వేస్తారు. కొందరు బొగ్గు గనుల్లో, కొందరు బడుల్లో ఉద్యోగాలు చేస్తారు. పంచాయతీ ఆఫీసు నుంచి మూడు కిలోమీటర్లు, అందులో సగం అడవి. సెల్‌ఫోను సిగ్నలు ఊరి వెనక గుట్ట ఎక్కితేనే దొరుకుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు సిగ్నలు ఎంతుందో చూద్దామని నేనూ ఆ గుట్ట ఎక్కాను. పైనుంచి ఒక ఆడగొంతు వినిపించింది, రేడియోలో వార్తలు చదివినంత స్పష్టంగా. "నమస్కారం సార్. మీ ఇంట్లో ఇంటర్నెట్ రావడం లేదని తెలిసింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. రూటరు ఒకసారి ఆపి మళ్ళీ పెడతారా సార్?"

బండ మీద గొడుగు కింద ఒక అమ్మాయి. ఒళ్ళో ల్యాప్‌టాప్, చెవులకి హెడ్‌ఫోన్లు. అంతలో ఒక కోతి ఆమె టిఫిన్ డబ్బా మీద చెయ్యి వేసింది. అమ్మాయి టక్కున మైకు ఆపి, "అరే, పో! నీ జిమ్మడ, పో!" అని రాయి విసిరి, మళ్ళీ మైకు పెట్టి, "క్షమించండి సార్, చెప్పండి" అంది. నేను నవ్వాపుకోలేక అక్కడే కూలబడ్డాను.

ఆమె పేరు సరోజ. భర్త రవీందర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో టిప్పరు లారీ నడుపుతాడు. రెండేళ్ళు నిండని కూతురు స్వీటీ. సరోజ ఇంటి నుంచే ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేస్తోంది. అంటే ఇంట్లో ఇంటర్నెట్ లేని అమ్మాయి, గుట్ట మీద కూర్చుని, హైదరాబాదు వాళ్ళకి ఇంటర్నెట్ బాగుచేస్తోంది.

"మీ కంపెనీదే పెట్టించుకోవచ్చు కదా?" అన్నాను.

"మా కంపెనీ గిక్కడికి రాదు మేడం. ఏ కంపెనీ రాదు. ఎండకాలం గుట్ట మీద నడిచింది. వానలు మొదలైతే ఏంది నా గతి? వచ్చే నెల ఒకటి నుంచి ఇంట్ల వైరు కనెక్షన్ చూపియ్యాలంట. లేకుంటే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి కూసోవాలంట."

"మరి?"

"మరి ఏంది? మా తండాల ఆడిపిల్ల నెల జీతం తెచ్చుడు నాతోనే మొదలు. ఉద్యోగం ఇడువ. పిల్లను ఇడువ. రెండూ నాకు ఈడనే గావాలె."

ఆ మాట అన్న తీరు నాకు ఎంత నచ్చిందంటే, ఒక ఇంజనీరు ఎప్పుడూ అనకూడని మాట అనేశాను. "నెలాఖరులోగా నీ ఇంటికి తీగ వస్తుంది. నాది పూచీ" అన్నాను.

నేను పెట్టిన ఎన్నిక

లైను వేస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు మండల కేంద్రంలో పాతికేళ్ళుగా కేబుల్ టీవీ నడుపుతున్న కిష్టయ్య. ఆయన తీగ పసుపు రంగు. రెండోది పట్నం కంపెనీ, నల్ల తీగ. దాని ఏజెంటు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తండాలో ఇంటికో గొడుగు పంచాడు. ఇద్దరిదీ ఒకటే షరతు. నలభై ఇళ్ళు పెట్టించుకుంటేనే అడవి దాటించి లైను లాగుతారు. అంతకంటే తక్కువైతే గిట్టదు. అది న్యాయమైన మాటే.

సంతకాల కోసం నేను వెళ్ళేసరికి తండా అంతా నాయక్ ఇంటి ముందు చేరి ఉంది. లచ్చు నాయక్ తండా పెద్ద, అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, తండా మొత్తానికి సంబంధించిన సంగతి ఏదైనా అందరూ కూర్చుని తేలుస్తారు. ఎంతసేపైనా మాట్లాడుకుంటారు, అరుచుకుంటారు, చివరికి ఒక మాట మీదికి వస్తారు. ఆ తర్వాత అది అందరి మాట. అప్పుడే వాళ్ళ భాషలో గట్టిగా వాదన నడుస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. నా కళ్ళకి నాయక్ అచ్చం ఆ అపార్ట్‌మెంటు ప్రెసిడెంటులా కనిపించాడు. తాళం జేబులో పెట్టుకుని అందరి తరఫునా తానే తేల్చేస్తున్నాడు అనుకున్నాను. నల్ల తీగవాడు ఆయనకి గొడుగుతో పాటు ఇంకేమైనా ఇచ్చాడేమోనని కూడా అనుమానించాను. ఆ అనుమానానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

"ఇలా కుదరదు" అన్నాను. "రూలు ప్రకారం ప్రతి ఇంటికీ వేరే ఫారం. ఎవరి ఇష్టం వాళ్ళది. మీరంతా లేచి ఇళ్ళకి వెళ్ళండి, నేనే ఇంటింటికీ వస్తాను."

"అమ్మా, ఒక్క గడియ ఆగితే ముచ్చట తెగుతది" అన్నాడు నాయక్.

"తెగక్కర్లేదు" అన్నాను.

అందరూ లేచారు. ప్రభుత్వం జీపులో వచ్చి లేవమంటే లేస్తారు కదా. నేను ఇల్లిల్లూ తిరిగాను. పక్కింటివాళ్ళు గుమ్మంలో ఉంటే బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి అడిగాను. ఓట్ల రోజు ఆఫీసరు కూడా అంత నిష్ఠగా ఉండడు. ఒక ఇంట్లో భార్య పసుపు అంటే భర్త నలుపు అన్నాడు. ఆ ఫారం కోసం నేను అరగంట కూర్చున్నాను. సక్రి అవ్వ అని ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఇద్దరియ్యీ పెట్టు బిడ్డా. కిష్టయ్య మా టీవీ బాగుజేసిండు, గా పిలగాడు గొడుగిచ్చిండు. ఒకళ్ళను గాదంటే ఏం బాగుంటది?" అంది. ఒక్కటే పెట్టాలి అవ్వా అంటే కళ్ళు మూసుకుని ఫారం మీద వేలు పెట్టింది. వేలు నల్ల తీగ మీద పడింది.

చాలామంది అలాగే చేశారు. ఒంటరిగా అడిగేసరికి తండాకి ఏది మంచిదని ఎవరూ ఆలోచించలేదు. తమకి ఎవరంటే మొహమాటమో వాళ్ళకి వేశారు. సాయంత్రానికి లెక్క తేలింది. పసుపు ముప్పై మూడు, నలుపు ఇరవై తొమ్మిది.

నలభై ఎవరికీ రాలేదు. ఇద్దరూ చేతులెత్తేశారు. మీరు మీరు సర్దుకుని ఒకరు వేయండని నేను ఇద్దరినీ బతిమాలాను. కిష్టయ్య, "వాళ్ళ కస్టమర్లను నేనెట్ల అడుగుత మేడం?" అన్నాడు. ఏజెంటు ఫోనే ఎత్తలేదు. ఫారాలు మార్పిద్దామంటే నేనే ఆ పద్ధతికి శిలాశాసనం వేసి కూర్చున్నాను, ఆ ఫారాలు అప్పటికే పైఆఫీసుకి పోయాయి. తండా రెంటికీ చెడ్డ రేవడి అయింది.

ఒకటో తారీఖు పొద్దున నేను క్షమాపణ చెప్పుకుందామని తండాకి బయల్దేరాను. సరోజ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంది, పక్కన ఒక పెట్టె. స్వీటీ నాయనమ్మ చంకలో ఉంది. అమ్మ ఎక్కడికో పోతోందని తెలిసి చీర కొంగు వదలడం లేదు.

నేను ఏదో మొదలుపెట్టబోతే సరోజే అంది. "మీరు మంచిగ జేద్దామనే జేసిండ్రు మేడం. ఏం అనుకోకుండ్రి."

తిట్టి ఉంటే బాగుండేది. బస్సు వచ్చింది, నాయనమ్మ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించింది. నేను జీపులో కూర్చుని ఏడ్చాను. మా డ్రైవరు పాపం కిందికి దిగి టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాడు.

నాయక్ చెప్పిన లెక్క

నెల తర్వాత ధైర్యం చేసి నాయక్ ఇంటికి వెళ్ళాను. ఆయన మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. ఒక మాట అడగడానికి వచ్చానన్నాను. "ఆ రోజు నేను లేపకపోతే మీరంతా ఏమని తేల్చేవారు?"

"ఏముంది? పసుపు తీగ పెట్టుకుందుము. నల్ల తీగాయనను పిలిచి, ఈయన సక్కగ జెయ్యకుంటే అందరం నీ దిక్కే వస్తం, తయారుగ ఉండు అని చెప్దుము. గదే మాట కిష్టయ్యకు గూడ చెప్దుము."

ఆయన నిదానంగా ముగించాడు. "మీరు మమ్ముల ఇంటికొకళ్ళను జేసి అడిగిండ్రు. ఒక్క ఇల్లు పోతనంటే ఎవడు భయపడతడు మేడం? తండా పోతనంటే భయపడతడు."

పట్నంలో హెడ్మాస్టరు గారి ఒక్క ఇల్లు పోతానన్నా కంపెనీ పరుగెత్తుకొచ్చేది, ఎందుకంటే అక్కడ గుమ్మంలో ఇంకో పది తీగలు ఉన్నాయి. ఇక్కడ అడవి దాటి ఒక్క తీగ రావడమే గగనం. పట్నంలో నేర్చుకున్న పాఠాన్ని తెచ్చి అడవిలో అప్పజెప్పాను. ఇంటికి వచ్చి రూలు మళ్ళీ చదివాను. సంతకం ఎవరిది వాళ్ళు పెట్టాలని ఉంది. సంతకానికి ముందు కలిసి మాట్లాడుకోకూడదని ఎక్కడా లేదు. అది నేను నా సొంతంగా కలిపిన రూలు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి గట్టిగా చెబుతున్నాను, ఆఫీసర్లు జనానికి చేసే చెడులో సగం ఇలా పుస్తకంలో లేని రూళ్ళ వల్లే జరుగుతుంది.

పైఆఫీసుకి నా తప్పు నేనే రాసి పంపి, పాత ఫారాలు రద్దు చేయించాను. అప్పటి బాసు, "మీరు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నాడు. ఆయన్ని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈసారి తండా ఒక ఆదివారం కూర్చుంది. నేను ఒక మూల కుర్చీలో, నోటికి తాళం. సరోజ హైదరాబాదులో తానుంటున్న హాస్టలు నుంచి ఆ రోజుకి వచ్చింది, ఒక నోటుబుక్కుతో. రోజంతా జనం తిట్లు వినే ఉద్యోగం కదా, కంపెనీలు ఎక్కడెక్కడ తప్పించుకుంటాయో ఆమెకి కంఠస్థం. ఆ నోటుబుక్కులోంచే షరతులు తయారయ్యాయి. నెట్ పోతే రెండు రోజుల్లో బాగుచేయాలి. చేయకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, ఏడాది దాకా కదలకూడదనే కట్టుబాటు ఉండదు. మూడోది నేను చేర్చాను. లైను వేసిన వాడికి తీగ మీద హక్కుంటుంది గానీ దారి మీద ఉండదు, రేపు ఇంకొకరు వస్తే అవే స్తంభాల మీద చోటివ్వాలి. అది నిజంగానే రూళ్ళ పుస్తకంలో ఉన్న మాట.

ఆ మూడో షరతు తీసేయమని కిష్టయ్య మూడుసార్లు నా చుట్టూ తిరిగాడు. నేను కదల్లేదు. చివరికి కాగితం చదువుకుని, "గిది అగ్రిమెంటా మేడం, పెండ్లి కాగితమా?" అన్నాడు.

"పెండ్లయితే ఇడిచిపెట్టుడు కష్టం కిష్టయ్యా" అన్నాడు నాయక్. "గిది అగ్రిమెంటే."

అరవై రెండు సంతకాలూ పసుపు తీగకే పడ్డాయి. సక్రి అవ్వ మాత్రం గొడుగు తిరిగి ఇచ్చేయాలేమోనని బెంగపడింది.

అడవిలో ఒక్క చెట్టు కొట్టకుండా, కరెంటు స్తంభాల మీదుగా లైను లాగారు. మొదటి వారమే ఉడతలు రెండుచోట్ల కొరికాయి. మొత్తానికి సరోజ హైదరాబాదులో ఉన్నది నాలుగు నెలలు. ఆమె తిరిగొచ్చిన రోజు నేనూ ఉన్నాను. స్వీటీ తల్లిని చూసి నాయనమ్మ కొంగు చాటుకి పోయి, నాయనమ్మనే "యాడీ" అని పిలిచింది. వాళ్ళ భాషలో అమ్మ అని. సాయంత్రానికి గుర్తుపట్టి ఒళ్ళో చేరిందనుకోండి. కానీ ఆ పూట మాత్రం జరిగిపోయింది. నా ఫారాల ఖరీదు అది.

ట్రాక్టరు వచ్చిన రోజు

తర్వాత నేను రిటైరయ్యాను. పోయిన వానాకాలంలో ఒకరోజు సరోజ ఫోను చేసింది. "మేడం, రేపు పొద్దున మండల్‌కు రాండ్రి. మీరు చూడాలె" అంది. ఏమిటంటే చెప్పదు.

జరిగింది ఇది. కిష్టయ్య మంచివాడే. కానీ రెండేళ్ళుగా ఆ వైపు తీగ వేసినవాడు ఆయన ఒక్కడే. ఎంత మంచివాడికైనా అలాంటప్పుడు కొంచెం కునుకు పడుతుంది, మధిరలో నాకు పట్టినట్టే. గాలివానకి కొమ్మ విరిగి లైను తెగింది. "రేపు, ఎల్లుండి" అంటూ నాలుగు రోజులు గడిపాడు. సరోజ మళ్ళీ గొడుగు పట్టుకుని గుట్ట ఎక్కింది. వానలో ల్యాప్‌టాప్ తడిసింది. ఇంకో రెండు రోజుల్లో లైను రాకపోతే హైదరాబాదుకి రమ్మని ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. ఆ సాయంత్రం తండా నాయక్ ఇంటి ముందు కూర్చుంది.

నేను బస్సు దిగేసరికి కిష్టయ్య దుకాణం ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కు నిండా జనం. ఒక్కొక్కరే దిగి, చేతిలోని ఇంటర్నెట్ డబ్బాని దుకాణం మెట్ల మీద వరుసగా పెడుతున్నారు. ప్రతి డబ్బాకీ తీగ చక్కగా చుట్టి ఉంది. సక్రి అవ్వ తన డబ్బాని కొంగుతో తుడిచి మరీ పెట్టింది. ఎవరూ అరవలేదు. అరవై రెండూ అయ్యాయి.

కిష్టయ్య తెల్లబోయి చూస్తున్నాడు. నన్ను చూసి, "మేడం, గిదేం రూలు?" అన్నాడు.

"నేను రిటైరయ్యాను కిష్టయ్యా" అన్నాను.

ఆయన నాయక్ వైపు తిరిగాడు. కొంచెం కోపంగా, కొంచెం బెదురుగా, "గిట్ల అందరూ ఒక్కసారి తీసేస్తే ఎట్ల? తీసేసి ఎవరి దగ్గరికి పోతరు?" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే నాకు మధిర ఆఫీసు, మడిచిన గొడుగు, సుబ్బారావు గారి మొహం కళ్ళ ముందు తిరిగాయి. నాయక్ తల తిప్పి రోడ్డు అవతలికి చూశాడు. ట్రాక్టరు జనమంతా అటే చూశారు. అక్కడ నల్ల తీగ కంపెనీ బోర్డు కింద, ఇస్త్రీ చొక్కా ఏజెంటు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి ఒక్కొక్కటీ బయట వేస్తున్నాడు. కిష్టయ్య కూడా చూశాడు.

అప్పుడు సరోజ ముందుకొచ్చింది. చంకలో స్వీటీ. గొంతు సవరించుకుని, బండ మీద నేను విన్న ఆ రేడియో గొంతుతో మొదలుపెట్టింది. "నమస్కారం కిష్టయ్య గారూ. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ లైను తెగి నాలుగు రోజులైందని మా దృష్టికి వచ్చింది. ఈ సాయంత్రంలోగా మీ సమస్య పరిష్కరించుకునే అవకాశం మీకు కల్పిస్తున్నాం. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

ముందు నాయక్ నవ్వాడు. తర్వాత ట్రక్కు నవ్వింది. కిష్టయ్య ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక తానూ నవ్వి, "నా తప్పే తల్లీ, నా తప్పే" అని లోపలికి పోయి నిచ్చెన తెచ్చాడు. పనివాళ్ళని పంపలేదు. ట్రాక్టరులో వాళ్ళతో పాటు తానే ఎక్కాడు. డబ్బాలన్నీ మళ్ళీ ట్రక్కులోకి చేరాయి. మధ్యాహ్నం మూడింటికి సరోజ ఇంట్లో పచ్చ దీపం వెలిగింది. ఆమె ఆఫీసు మెయిలుకి జవాబు రాసింది, లైను వచ్చింది, ఇక తాను హైదరాబాదు రావాల్సిన పని లేదని.

ఇంజనీరు అమ్మాయికి నేను మూడు గంటలు చెప్పింది ఇదే. రూలు పక్కనా, కస్టమరు పక్కనా అని అడగకు తల్లీ. నీ ముందు నిలబడ్డ మనిషికి పోవడానికి ఇంకో దారి ఉందో లేదో ముందు చూడు. లేకపోతే ఆ దారి తెరిపించడానికే నీకు రూళ్ళు ఇచ్చారు. దారి తెరిచాక ఒక్కరు నడవాలా, పదిమంది కలిసి నడవాలా అన్నది వాళ్ళు చూసుకుంటారు, నువ్వు అడ్డం లెయ్.

అన్నట్టు ఒకటి మిగిలింది. ఆ రోజు ట్రాక్టరు కదిలేటప్పుడు రోడ్డు అవతల ఏజెంటు మొహం వేలాడేసుకుని కుర్చీలు తీసి లోపల పెట్టబోయాడు. నాయక్ ట్రాక్టరు ఆపించి, కిష్టయ్య పక్కనే కూర్చుని, అందరికీ వినబడేలా కేక వేశాడు.

"తమ్మీ, కుర్చీలు తియ్యకు. గట్లనే ఉండనియ్యి."